గొర్లను తుడిచేసిన లెన్సు

మిర్యాలగూడ సాగునీటి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే మురళీధర్‌కు తొందరపాటు అనేది పుట్టుకతోనే లేదు. టెండర్లు వచ్చినప్పుడు ఏ కాంట్రాక్టరు ఏ పనికి ఎంత వేశాడో గడులు గీసి ఒక్కచోట చూపించే కాగితాన్ని ఆఫీసులో కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కాగితం తయారు చెయ్యడమే ఆయన పని. చేసి చేసి ఆ అలవాటు ఒంటికి పట్టింది. ఇంట్లోకి మిక్సీ కొనాలన్నా గడులే, చెప్పులు కొనాలన్నా గడులే. నీళ్ళ ఫిల్టరు కోసం గడులు గీస్తూ రెండు ఎండాకాలాలు గడిపేశాడు. ఆ రెండు ఎండాకాలాలూ ఇంటిల్లిపాదీ బయటినుంచి తెచ్చిన టిన్ను నీళ్ళే తాగారు.

అలాంటి మనిషికి కెమెరా మీద మనసు పడింది.

ఒకరోజు పొద్దున కాలువ కట్ట మీద నడుస్తుంటే, పక్క పొలంలో దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనకనుంచి కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. మురళీధర్ ఫోను తీసి నొక్కాడు. ఎలా కుదిరిందో కుదిరింది. బురదలో ఆకాశం, ఆకాశంలో కొంగలు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇంజనీరు గారు దాని కింద ఒక మాట రాశారు: "ఫోనుతోనే ఇట్ల తీస్తే, మంచి కెమెరా ఉంటే ఇంకెట్ల తీస్తువో మురళీ."

మధ్యాహ్నానికి ఇంజనీరు గారు ఆ మాట మరిచిపోయి ఉంటారు. మురళీధర్ మరవలేదు. మరునాడే ఒక కొత్త ఫైలు తెరిచి, ట్యాగు కట్టి, అట్ట మీద గుండ్రటి అక్షరాలతో "విషయం: కెమెరా" అని రాశాడు.

ఇక చూడాలి ఆయన అవస్థ. యూట్యూబులో ఒకడు మెగాపిక్సెళ్ళు ఎక్కువుంటేనే కెమెరా అన్నాడు. ఇంకొకడు మెగాపిక్సెళ్ళను చూసి కొనేవాడంత అమాయకుడు లేడన్నాడు. లోపలి సెన్సర్ పెద్దదై ఉండాలని ఒకడు, కెమెరా బాడీదేముంది, లెన్సే ప్రాణమని మరొకడు. మురళీధర్ ఎవరినీ నొప్పించకుండా అందరి మాటలకూ ఒక్కో గడి కేటాయించాడు. గడులు పెరిగి కాగితం చాలక, పక్కకు ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది. అంతా తేలి, ఇదే కొనాలని సంతకం పెట్టబోయే వేళకు ఆ కంపెనీవాడు కొత్త మోడల్ దించేవాడు. ఫైలు మళ్ళీ మొదటికి వచ్చేది. ఇలా పదకొండు నెలలు గడిచాయి.

భార్య స్వర్ణ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఒకటో తరగతి పిల్లలతో వేగిన ఓపిక ఆమెది.

"మా చిన్నాయన కొడుక్కు సుత ఇన్ని పెండ్లిసూపులు కాలే," అంది ఒకనాడు పప్పులో తాలింపు వేస్తూ. "గిట్లనే వంకలు పెట్టుకుంట పోతే ఆఖరికి పిల్లనిచ్చెటోళ్ళు ఉండరు."

"తొందరపడి కొంటే యాభై ఏండ్లు బాధపడాలె స్వర్ణా."

"మీకిప్పుడు యాభై నాలుగు," అంది స్వర్ణ. తాలింపు చిటపటలాడింది.

ఆ మాట పనిచేసినట్టుంది. ఆ తర్వాతి ఆదివారం మురళీధర్ ఫైలు చంకన పెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాడు. అక్కడ ముప్ఫై అయిదేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న పిచ్చయ్య అనే స్టూడియో ఆయన ఉన్నాడు. పాత కెమెరాలు అమ్ముతాడు, కిరాయికి కూడా ఇస్తాడు. మురళీధర్ తన ఫైలు బల్ల మీద పరిచి పావుగంట చెప్పాడు. పిచ్చయ్య అడ్డు తగలకుండా విన్నాడు.

"అంత మంచిగనే ఉన్నది సార్. ఇంతకు ఏం తీస్తరు?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"అంటే... ప్రకృతి. మనుషులు. పిట్టలు. కుదిరితే చంద్రుడు."

చంద్రుడి దగ్గర పిచ్చయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పటిదాంక తీసినయి జర సూపియ్యండి."

మురళీధర్ ఫోను అందించాడు. పిచ్చయ్య వేలితో ఒక్కొక్కటే జరుపుతూ పోయాడు. మొదటిది కెమెరా బొమ్మ. రెండోది అదే కెమెరా, వెనక వైపునుంచి. మూడోది రెండు కెమెరాలు పక్కపక్కన. తర్వాత లెన్సులు, ధరల పట్టికలు, మళ్ళీ కెమెరాలు. అన్నీ యూట్యూబునుంచి స్క్రీన్ మీద పట్టుకున్న బొమ్మలే. నూట ఎనభై దాటాక ఆ కొంగలు వచ్చాయి. వాటి తర్వాత ఈ పదకొండు నెలల్లో మురళీధర్ తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు.

"కెమెరాలను మస్తు తీసిన్రు సార్," అన్నాడు పిచ్చయ్య నెమ్మదిగా.

మురళీధర్ ఫోను వెనక్కి తీసుకున్నాడు. ఇంతకాలం కెమెరా వచ్చాక తీద్దామని ఆగాడే గాని, ఆగడం వల్ల ఏం జరుగుతున్నదో ఆయన ఏ గడిలోనూ రాసుకోలేదు.

పిచ్చయ్య మంచివాడు. ఎక్కువ గుచ్చలేదు. "ఇప్పుడేం కొనకండి. పది రోజులు కిరాయికి తీస్కపోండి, రోజూ తియ్యండి. ఏం తక్కువ పడ్డదో మీకే తెలుస్తది. అప్పుడు రండి, ఆ తక్కువ పడ్డదే కొందం," అని, ఒక వాడిన కెమెరా, రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి దూరంవి దగ్గరగా చూపించే పెద్ద జూమ్ లెన్సు, మోచేయంత పొడవు. రెండోది అరచేతిలో ఇమిడేది.

మురళీధర్ చిన్నదాన్ని జాలిగా చూశాడు. "ఇది జూమ్ కాదా?"

"కాదు సార్. దగ్గర కావాలంటే మీరే నడవాలె."

నడవడం ఎందుకనిపించి మురళీధర్ పెద్దదాన్ని కెమెరాకు బిగించుకున్నాడు. చిన్నది సంచి అడుక్కు పోయింది. పిచ్చయ్య వద్దంటున్నా వినకుండా మూడు కాళ్ళ స్టాండు ఒకటి తానే అడిగి తీసుకున్నాడు. అది లేకపోతే చూసేవాళ్ళకు ఫోటోగ్రాఫర్ అనిపించదని ఆయన అనుమానం.

మరునాడు సెలవు పెట్టి వేములపల్లి పొలాల్లోకి వెళ్ళాడు. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట ఒకటి, కట్నాలకు కూర్చున్న పెళ్ళికొడుకులా, కదలకుండా ఉంది. మురళీధర్ గట్టు మీద స్టాండు నిలబెట్టి, కెమెరా ఎక్కించి, ఒక కన్ను మూశాడు. రెండో కన్నుకు పిట్ట దొరికే లోపల వెనకనుంచి మాట వినిపించింది.

"ఏం సర్వే సార్?"

తలపాగా చుట్టుకున్న రైతు. పేరు మట్టయ్య అని తర్వాత తెలిసింది.

"సర్వే కాదు పెద్దమనిషీ. ఫోటోలు."

"మా పొలాల ఫోటోలు మీకెందుకు? బైపాస్ రోడ్డు పడుతున్నదా?"

మురళీధర్ కాదన్నాడు. కాదన్నకొద్దీ మట్టయ్యకు అనుమానం బలపడింది. ఇంత పెద్ద గొట్టం పెట్టుకుని ఎవడైనా పిట్టను చూస్తానంటే నమ్మడానికి ఆయనేమన్నా చిన్నపిల్లవాడా. పది నిమిషాల్లో ఏడుగురు పోగయ్యారు. ఒకాయన రోడ్డు వేస్తే వేశారు గాని తన బోరు మీదినుంచి పోనీయవద్దని చేతులు పట్టుకున్నాడు. ఎలాగైనా బయటపడాలని మురళీధర్ నిజం చెప్పేశాడు.

"అయ్యా, నాది రోడ్ల ఆఫీసు కాదు. కాలువ నీళ్ళ ఆఫీసు."

అందరూ ఒక్క క్షణం చూసుకున్నారు. మట్టయ్య ముఖం విప్పారింది. "ముందుగల్ల చెప్పొద్దా సార్. మరి యాసంగి పంటకు నీళ్ళెప్పుడిడుస్తరు?"

గొడ్డలి పోటు తప్పించుకుని రోకలి పోటుకు దొరికినట్టయింది. ఆఫీసులో ఆ ప్రశ్న వినిపిస్తే చాలు పక్క గదిలోకి తప్పుకునే మనిషి, పొలం గట్టు మీద, మూడు కాళ్ళ స్టాండుతో, ఎక్కడికని తప్పుకుంటాడు. తనకు తెలిసినంత చెప్పి, తెలియనిది పైవాళ్ళ మీదికి తోసి, వాళ్ళు పోసిన టీ తాగి బయటపడ్డాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే, ఆ గోల మధ్యే నొక్కినవి రెండు వందల పన్నెండు ఫోటోలు ఉన్నాయి. స్వర్ణ పక్కన నిలబడి చూసింది.

"ఇదేంది?"

"లకుముకి పిట్ట."

"ఏది?"

"ఇప్పుడే పోయింది."

తర్వాతిది కూడా తీగే. దాని తర్వాతది తీగ, అంచున మట్టయ్య చూపుడు వేలు. "కరెంటోళ్ళకు ఇయ్యండి, పనికొస్తయ్," అని స్వర్ణ నోట్‌బుక్కులు దిద్దుకోవడానికి వెళ్ళిపోయింది.

మురళీధర్‌ది నిజానికి గొర్ల ఇల్లు. కోదాడ దగ్గర, అనంతగిరి మండలంలోని ఊరు. పదమూడేళ్ళు వచ్చేదాకా తండ్రి వెంట మంద తోలాడు. తర్వాత హాస్టలు, చదువు, ఉద్యోగం. అక్క సత్తమ్మ, బావ పెద్దయ్య ఇప్పటికీ నూట ఇరవై జీవాలను మేపుతున్నారు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. దాచాడని కాదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు, ఇరవై ఆరేళ్ళు గడిచిపోయాయి.

కిరాయి రోజుల్లో అయిదు వృథాగా పోయాక, శనివారం కోదాడ బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళాడు. పెద్ద లెన్సుకు భుజం వాచింది గనుక ఈసారి సంచిలో చిన్నది ఒక్కటే ఉంది. వరి కోతలు అయిపోయాయి. కొయ్యకాళ్ళ మడిలో మంద మేస్తున్నది. సత్తమ్మ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉంది. అరవై దాటిన ముఖం మీద పక్కనుంచి ఎండ పడుతున్నది.

లెన్సు లోపలి రంధ్రాన్ని పూర్తిగా తెరిస్తే మనిషి మాత్రమే స్పష్టంగా నిలిచి వెనకదంతా మంచులా కరిగిపోతుందని మురళీధర్ చదివాడు. ఫైలులో దానికి రెండు గడులున్నాయి. పూర్తిగా తెరిచి, దగ్గరికి నడిచి, నొక్కాడు. చూసుకుంటే ఆయనకే నమ్మకం కలగలేదు. అక్క ముఖం మీద ముడత ముడతా, ముక్కుపుడక మీది మెరుపూ కూడా పడ్డాయి. గ్రూపులో పెడితే ఇంజనీరు గారు మూడు చప్పట్ల బొమ్మలు పెట్టారు. సాయంత్రమే కోదాడ వెళ్ళి, ల్యాబులో పెద్దది వేయించి, ఫ్రేము కట్టించి, మరునాడు పొద్దున అక్క చేతుల్లో పెట్టాడు.

సత్తమ్మ ఫ్రేమును దూరంగా పట్టుకుంది. దగ్గరగా పట్టుకుంది. కొంగుతో అద్దం తుడిచింది. మళ్ళీ చూసింది.

"మొఖం మంచిగనే వచ్చింది తమ్మీ. మరి జీవాలేయి?"

"వెనకనే ఉన్నయి గదక్కా."

"యాడ? అంత మబ్బు పట్టినట్టున్నది."

"అట్ల రావాల్ననే తీసిన. వెనకది మసకైతేనే నువ్వు బాగ కనిపిస్తవు. ఈ లెన్సు పనే అది. అందుకే దానికి అంత ధర."

సత్తమ్మ ఫ్రేమును తిప్పి వెనక వైపు కూడా చూసింది. "అంటే పైసలు పెట్టి మరీ గొర్లను తుడిపిచ్చినవా?"

 పెద్దయ్య అప్పుడే లోపలికొచ్చి, భార్య భుజం మీదినుంచి ఫోటోలోకి తొంగి చూశాడు. పెద్దయ్య తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే గురి తప్పదు.

"ఒక్క పిల్ల తప్పిపోతేనే మూడూర్లు తిరుగుతం బామ్మర్దీ. నువ్వు కూసున్నకాడ నూట ఇరవై పోగొట్టినవ్."

"ఇంతకాలం నేను ఒక్కదాన్నే ఎన్నడు నిలబడ్డ చెప్పు," అంది సత్తమ్మ. "సూసెటోళ్ళు నన్ను కూలికొచ్చిందనుకుంటరు."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. అయినా ఆ మాట మురళీధర్‌ను ఎక్కడో పట్టుకుంది. ఫ్రేమును గోడకు చేర్చి, కెమెరా తీసుకుని మంద వెంట బయలుదేరాడు.

ఆ రోజంతా తిరిగాడు, సోమవారం ఆఫీసుకు ఫోను చేసి సెలవు చెప్పి మళ్ళీ తిరిగాడు. లెన్సు రంధ్రాన్ని బాగా ముడిస్తే దగ్గరివీ దూరంవీ రెండూ స్పష్టంగా వస్తాయి, కాని వెలుతురు చాలదు. పొగమంచు విడిచేదాకా ఆగాలి. ఆగితే మంద ఆగదు. తాను గట్టెక్కేసరికి జీవాలు పక్క మడిలో ఉంటాయి, పక్క మడికి పోయేసరికి అక్క ఎటో ఉంటుంది. అందరూ ఒక్కచోట కుదిరారనుకుంటే గొర్లలో ఒక్కటి కూడా తల ఎత్తదు. ఫోటో నిండా వీపులే. మిల్లు ముందు బస్తాలు దించినట్టుంది. మంద మొత్తం పట్టాలని వెనక్కి వెనక్కి జరుగుతూ ఒకసారి పంటకాలువలో మోకాలి దాకా దిగబడ్డాడు. బట్టలు ఎలా పోయినా కెమెరాను మాత్రం నెత్తి మీద పెట్టుకుని బయటికొచ్చాడు. సత్తమ్మ కర్ర అందించి లాగింది.

"కాలువ ఆఫీసోనివి, కాలువ ఎక్కడున్నదో తెల్వదా," అంది.

రెండో రోజు ఎండ వాలుతున్న వేళ అన్నీ కుదిరాయి. సత్తమ్మ మంద నడుమ నిలబడింది, పెద్దయ్య ఒక పక్కన గొంగడి భుజాన వేసుకుని ఉన్నాడు. వెలుతురు పల్చగా, పసుపుగా ఉంది. తలలు మాత్రం కిందికే ఉన్నాయి. మురళీధర్ చప్పట్లు కొట్టాడు. ఒకటి రెండు చెవులు కదిలాయి. ఈల వేశాడు. ఆ మాత్రం కూడా లేదు. దీనికేమన్నా ప్రత్యేకమైన పరికరం అమ్ముతారేమోనని ఒక ఆలోచన వచ్చింది కూడా.

తర్వాత ఏం చేశాడో ఆయనకు తెలియదు. నాలుక అంగిలికి ఆనింది. గొంతులోంచి ఒక శబ్దం లేచి, పెదవుల మీద వణికి, బయటికొచ్చింది. నీళ్ళకు తోలేటప్పుడు తండ్రి చేసే శబ్దం. నలభై ఏళ్ళయింది ఆయన ఆ శబ్దం చేసి.

నూట ఇరవై తలలు ఒక్కసారి లేచాయి. రెండు వందల నలభై కళ్ళు తన వైపే చూస్తున్నాయి. మురళీధర్ నొక్కాలన్న సంగతే మరిచిపోయి, గుర్తొచ్చి, మూడుసార్లు నొక్కాడు. ఆపైన జీవాలు నీళ్ళు లేవని తెలుసుకుని మళ్ళీ తలలు దించుకున్నాయి.

"మర్సిపోలే," అంది సత్తమ్మ. ఆమె నవ్వుతున్నది. మురళీధర్ కెమెరాను కంటి దగ్గరినుంచి వెంటనే దించలేదు. కన్ను కాస్త తడైంది. అక్క చూస్తే ఇంకో మాట అంటుంది.

ఆ ఫోటోకు వంకలు లేకపోలేదు. గట్టు ఒక పక్కకు ఒరిగింది. పెద్దయ్య కర్ర పైకొన అంచుకు తెగింది. గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మ ఒక్కటే వచ్చింది, అదీ అటెండరు వీరేశం పెట్టింది. కాని అచ్చు వేయించి ఇచ్చినప్పుడు సత్తమ్మ నేల మీద కూర్చుని, ఫోటోను ఒళ్ళో పెట్టుకుని, వేలితో మొదలుపెట్టింది. ఇది కుంటిది. ఇది దాని బిడ్డ. ఇది మొన్న వానలకు తడిసి బతికిన పిల్ల. ఇది దొంగది, ఎవరి చేనైనా తనదే అనుకుంటది. గంటసేపు అలా చదివింది. మురళీధర్ పక్కన కూర్చుని విన్నాడు. తాను తీసిన ఫోటోలో ఇంతమంది ఉన్నారని ఆయనకు తెలియదు.

"పెద్ద పొట్టేలు కాళ్ళు కోసేసినవ్," అన్నాడు పెద్దయ్య. అయినా మేకు కొట్టింది ఆయనే.

పదో రోజు సూర్యాపేట వెళ్ళి కెమెరా అప్పజెప్పాడు. పిచ్చయ్య అడిగాడు, ఏం తక్కువ పడ్డదని.

"వెడల్పు," అన్నాడు మురళీధర్. "మంద మొత్తం పట్టాలంటే నేను వెనక్కి పోవాల్సొస్తున్నది. వెనక కాలువ ఉన్నది."

ఇంకేం చెబుతాడోనని పిచ్చయ్య ఆగాడు. ఇంకేం లేదు. ఫైలు కూడా తేలేదు. పిచ్చయ్య లోపలికి వెళ్ళి, తాను ఏడేళ్ళు వాడిన ఒక కెమెరా, వెడల్పుగా చూపించే ఒక లెన్సు తెచ్చి చేతిలో పెట్టాడు. లెన్సు అంచున చిన్న గీత ఉందని ముందే చెప్పాడు. మురళీధర్ ఒక్కసారి కంటికి ఆనించి చూసి, కొన్నాడు. అది ఏ కంపెనీదో మిర్యాలగూడ బస్సులో కూర్చున్నాక గాని చూసుకోలేదు.

జనవరిలో సత్తమ్మ వాళ్ళ మంద నేరేడుచర్ల పొలాల్లోకి దిగింది. మురళీధర్ నాలుగు రోజులకు సెలవు చీటీ రాశాడు. కారణం దగ్గర "స్వంత పని" అని రాసి, కొట్టేసి, "గొర్ల వెంట పోవుటకు" అని రాశాడు.

అక్కడ జంగమ్మ అనే ముసలామె మంద పక్క మడిలోనే ఉంది. ఫోటోల సంగతి ఆమె దాకా వెళ్ళింది. రెండో రోజు ఆమే వచ్చి అడిగింది.

"నన్నొద్దు బిడ్డా, నేను మంచిగుండ. మా కుక్కను తియ్యి. నాకంటె ఎక్కువ కాసేది అదే."

కుక్కను తియ్యాలంటే కుక్క ఎత్తుకు దిగాలి. మురళీధర్ కొయ్యకాళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు, చాలక బోర్లా పడుకున్నాడు. కుక్కకు ఇంతవరకు ఎవరూ తన ముందు అలా పడుకోలేదు. ఏమైందో చూద్దామని నేరుగా నడిచొచ్చి, లెన్సును ఒకసారి వాసన చూసి, నాకింది. మురళీధర్ చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. అది మళ్ళీ నాకింది. ఆ పూట తీసిన వాటిలో స్పష్టంగా వచ్చింది ఒక్కటే. అందులో మూతి తప్ప ఇంకేం లేదు.

జంగమ్మ దాన్ని చూసి, అచ్చం అదేనంది.